నాలుగో పేరు

కాలేజీ లైబ్రరీలో నేను అటెండర్ని. పుస్తకాలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, తారీఖు ముద్ర కొట్టడం, చిరిగిన వాటికి అట్టలు అంటించడం నా పని. పుస్తకంలో ఎవడైనా గీత గీశాడంటే చాలు, వాడి తాత ముత్తాతలను కూడా వదలను. ఇరవై రెండేళ్ళలో చదివేవాళ్ళను చాలామందిని చూశాను. చదివినట్టు నటించేవాళ్ళను అంతకు మూడింతలు చూశాను. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఒక్కతె గురించే. నలభై రెండేళ్ళ వయసులో బి.ఏ. చరిత్రలో చేరిన లిఫ్టు ఆపరేటర్ గురించి. కోపం చల్లారాక రాద్దామని రెండేళ్ళు ఆగాను. పోయిన వారం లైబ్రరీకి ఒక పుస్తకాల కట్ట వచ్చింది. అది విప్పాక ఇక ఆగడం నా వల్ల కాలేదు.

ఆమె పెద్దాసుపత్రిలో పనిచేస్తుంది. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా లిఫ్టులో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కుతుంది. ఐదంతస్తులు. ఒళ్ళో ఎప్పుడూ ఒక పుస్తకం. ప్రపంచ చరిత్ర మొత్తం కింది నుంచి పైకి, పై నుంచి కిందికి పోతూనే పూర్తి చేసింది. సామ్రాజ్యాలు పైకి పోతున్నప్పుడు లేచేవి, కిందికి వస్తున్నప్పుడు కూలేవి అని తనే నవ్వుతూ చెప్పేది. రెండున్నరకల్లా కాలేజీకి వచ్చి మొదటి బెంచీలో కూర్చునేది. ఆమె కొడుకు వయసు పిల్లలు ఆమెను లిఫ్టక్క అని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఆమెకు నచ్చింది కాబట్టి నేనూ అదే వాడతాను.

నాకు మాత్రం ఆమె కాలేజీలో పరిచయమైన మనిషి కాదు. ఇద్దరం మిల్లు లైను ఇళ్ళలో పుట్టాం. ఆమెకు నాలుగేళ్ళు, నాకు ఆరేళ్ళు ఉన్నప్పుడు నూలు మిల్లు తగలబడింది. ఆ రోజు నుంచి ఆమె తల్లి కనబడలేదు. అందరూ మంటల గొడవలో ఉంటే ఆ సందట్లో ఎవడితోనో లేచిపోయిందని లైనంతా చెప్పుకున్నారు. తండ్రి అంతకు ముందే పోయాడు. ఆ సాయంత్రమే పక్క ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ పెంచింది, పెంచినన్నాళ్ళూ కోడలిని తిడుతూనే పెంచింది. ఆటలో లిఫ్టక్క గెలిస్తే మేం పిల్లలం ఊరుకునేవాళ్ళం కాదు, "లేచిపోయినదాని కూతురా" అనేవాళ్ళం. అందరికంటే గట్టిగా అన్నది నేనే. మా ఇంటి గోడ అవతలే వాళ్ళ ఇల్లు, ఆ మాట నాయనమ్మకి కూడా వినబడేది.

కాలేజీలో చేరిన కొత్తలో, ఈ వయసులో చరిత్ర ఎందుకు, ఏదైనా పనికొచ్చేది చదవకూడదా అని అడిగాను. ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుంటూ, మామూలుగా, కూరగాయల గురించి చెప్పినట్టు చెప్పింది.

"మా అమ్మ గురించి నాకు అందరూ చెప్పారు. చెప్పినవాళ్ళలో కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూడనివాళ్ళు చెప్పినదాన్ని తేల్చుకోవడం ఎలాగో నేర్పే చదువు ఇదొక్కటేనట."

నేను తలొంచుకుని తారీఖు ముద్ర కొట్టాను. తప్పు తారీఖు పడింది.

చరిత్ర శాఖకు పెద్దాయన్ని అందరూ హెడ్ సారు అంటారు. ప్రాంతీయ చరిత్ర పాఠ్యపుస్తకం రాసింది ఆయనే. మంచి మాస్టారు, అది ఒప్పుకోవాలి. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. చేతకానివాడు తప్పు చేస్తే జాలిపడి వదిలేయొచ్చు. ప్రపంచ చరిత్ర క్లాసులో ఆయన ఒకరోజు పాతకాలపు పొయ్యి పన్ను గురించి చెప్పాడట. ప్రభుత్వం ఊళ్ళో పొయ్యిలను లెక్కపెట్టి పన్ను వేసేది. ఆ చిట్టా చూసి ఊళ్ళో ఎంతమంది ఉండేవాళ్ళో తేల్చగలమా అని అడిగాడు. పిల్లలు తలా ఒక అంకె చెప్పారు. తేల్చలేం, ఒక పొయ్యి దగ్గర ముగ్గురు తినొచ్చు, పదముగ్గురు తినొచ్చు, చిట్టా రాసినవాడికి మనుషులతో పని లేదు, పొయ్యితోనే పని అన్నాడు. ఏ కాగితం చూసినా అది దేన్ని లెక్కపెట్టడానికి పుట్టిందో ముందు అడగమన్నాడు. లిఫ్టక్క ఆ మాటను నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

రెండో ఏడాదిలో ప్రాంతీయ చరిత్ర వచ్చింది. అందులో నూట నలభై రెండో పేజీలో మిల్లు మంటల సంగతి ఉంది. మిల్లులో పనిచేసే ప్రతి మనిషికీ అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపలికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర బోర్డు మీద తగిలించాలి, బయటికి వచ్చేటప్పుడు తీసి అప్పగించాలి. మంటలు లేచిన విభాగం బోర్డు మీద తొమ్మిది బిళ్ళలు మిగిలాయి. లోపల గుర్తుపట్టలేని తొమ్మిది శవాలు దొరికాయి. లెక్క సరిపోయింది. బిళ్ళల రిజిస్టరు తీసి తొమ్మిది పేర్లు రాశారు. అవే పేర్లు మిల్లు గేటు ముందు రాయి మీద చెక్కారు, అవే హెడ్ సారు పుస్తకంలో అచ్చయ్యాయి. ఆ పాత రిజిస్టరును ఆయన ఎక్కడో పాత సామానులో పట్టుకుని, తన గదిలో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోతాడు.

లిఫ్టక్క ఆ పేజీ మీద వేలు పెట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"మీ అమ్మ మిల్లులో చేసింది కదా. ఒక బిళ్ళ మీద ఒక్కరే వెళ్ళేవాళ్ళా?"

ఎందుకడుగుతున్నావన్నాను. తనకు ఒకే ఒక్క జ్ఞాపకం ఉందట. మధ్యాహ్నం మిల్లు కూత కూసినప్పుడు ఒక ఒళ్ళో నుంచి ఇంకో ఒళ్ళోకి తనను మార్చేవాళ్ళు. రెండు ఒళ్ళూ నూలు వాసన వేసేవి. నాయనమ్మ ఒళ్ళు నూలు వాసన వేసేది కాదు.

ఆ సాయంత్రం మా అమ్మను అడిగాను. మా అమ్మ నోటికి లైనులో పేరుంది, అడగని సంగతులు కూడా గంటసేపు చెబుతుంది. ఆ ప్రశ్న వినగానే మాత్రం లేచి వెళ్ళి పొయ్యి తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. నేను వెనకాలే నిలబడ్డాను. చివరికి గోడవైపు తిరిగి చెప్పింది. పసిపిల్లల తల్లులకు రోజంతా షిఫ్టు చేయడం కుదిరేది కాదు, కొత్త బిళ్ళ దొరికేది కాదు. అందుకని ఇద్దరు కలిసి ఒక బిళ్ళ పంచుకునేవాళ్ళు. పొద్దున ఒకతె లోపలికి వెళ్తే, రెండోది ఇద్దరి పిల్లలనూ చూసుకునేది. మధ్యాహ్నం కూత వేళకు వెనక గోడ సందులో నుంచి ఒకతె బయటికి, ఇంకొకతె లోపలికి. బిళ్ళ మాత్రం సాయంత్రం దాకా బోర్డు మీదే వేలాడేది. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. రిజిస్టరులో ఒక్క పేరే ఉండేది.

"ఆ నాలుగో పేరుదాని బిళ్ళ మీద మధ్యాహ్నం పూట వెళ్ళింది దీని తల్లే. మంటలు లేచింది మూడింటికి" అంది మా అమ్మ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మరి నలభై ఏళ్ళుగా ఎందుకు చెప్పలేదని అరిచాను. చెబితే పంచుకున్న వాళ్ళందరి బిళ్ళలూ లాగేసుకునేవారట. నలభై ఇళ్ళలో పొయ్యి ఆరిపోయేదట. మా అమ్మ కూడా బిళ్ళ పంచుకున్నదే. అంటే నేను వీధిలో ఆ పిల్లను ఆ మాట అంటుంటే, మా అమ్మ గడపలో కూర్చుని వింటూ, అది అబద్ధమని తెలిసి కూడా, నా నోటి మీద ఒక్కటి వేయలేదు. ఆ వారమంతా నేను మా అమ్మతో మాట్లాడలేదు. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడను.

లిఫ్టక్కకు చెప్పినప్పుడు ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నోట్సు తెరిచి, పొయ్యి పన్ను పేజీ తీసి, దాని పక్కన మా అమ్మ చెప్పిందంతా తారీఖుతో సహా రాసుకుంది. నాలుగు రోజుల తర్వాత కాలేజీ పరీక్షలో మిల్లు మంటల ప్రశ్న వచ్చింది, చనిపోయినవాళ్ళ పేర్లు రాయమని. ఎనిమిది పేర్లు పుస్తకంలో ఉన్నట్టే రాసింది. నాలుగో పేరు దగ్గర తన తల్లి పేరు రాసి, ఎందుకో కింద వివరించింది. హెడ్ సారు ఎర్ర పెన్నుతో ఆ పేరును ఇటు నుంచి అటు కొట్టేసి, పక్కన "ఊహ. ఆధారం లేదు" అని రాసి సున్నా వేశాడు. ఆమె గదిలోకి వెళ్ళి, మీరు చెప్పిన పొయ్యి లెక్కే కదా సార్ ఇది అని అడిగిందట. అది ప్రపంచ చరిత్ర, ఇది మన చరిత్ర, రెండూ కలపకు అన్నాడట. చివరి ఏడాది ప్రాజెక్టు కూడా దీని మీదే రాస్తానంటే, అంశం మార్చుకోకపోతే పాసవడం కష్టమని పెద్దరికంగా హెచ్చరించాడట.

ఆమె మార్చుకోలేదు. డిగ్రీ రాకపోతే లిఫ్టు ఎలాగూ ఉంటుంది, మీటలకు డిగ్రీతో పని లేదంది. తల్లి పేరు రాకపోతే మాత్రం ఈ చదువు చదివి లాభం లేదంది.

మిగిలింది నాలుగో పేరు మనిషి. రాయి మీద పేరు చెక్కించుకున్న ఆ చచ్చిపోయినావిడ బతికే ఉందని, బస్సులో మూడు గంటల దూరాన చెల్లెలి ఇంట్లో ఉంటోందని మా అమ్మే చెప్పింది. చివరి ఏడాది పరీక్షలకు ముందు ఒక ఆదివారం ఇద్దరం వెళ్ళాం. బేకరీ వెనక చిన్న గది. అరవై ఏడేళ్ళ మనిషి నేల మీద కూర్చుని కాగితం సంచులు అంటిస్తోంది. లిఫ్టక్క తన తల్లి పేరు చెప్పి, నేను ఆమె కూతుర్ని అంది. ముసలమ్మ చేతిలో సంచి జిగురుతో వేళ్ళకు అంటుకుపోయింది. దాన్ని వదిలించుకోవడానికి కూడా చూడలేదు.

"పెద్దమ్మా, ఆ రోజు మూడింటికి నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లో. నువ్వు నా ఒళ్ళో నిద్రపోతున్నావు."

"తర్వాత నన్ను ఎవరికిచ్చావు?"

"మీ నాయనమ్మకి."

"ఏం చెప్పి ఇచ్చావు?"

"మీ అమ్మ కనబడటం లేదని."

"లేచిపోయిందన్నది ఎవరు?"

ముసలమ్మ వేళ్ళకు అంటిన సంచిని అప్పుడు పీకి, "మా ఆయన" అంది. "నేను కాదనలేదు."

అప్పుడు తక్కినదంతా చెప్పింది. ఆ సాయంత్రం మిల్లు నుంచి జాబితా వచ్చింది. చచ్చిపోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి శాశ్వతంగా పని ఇస్తామన్నారు. మొగుడు అప్పటికి ఏడాదిగా పని లేకుండా ఉన్నాడు. నోరు మూసుకుని చెల్లెలి దగ్గరకు పో, రెండు నెలల్లో పిలిపిస్తానన్నాడు. ఆయన గేటు కాపలాదారు అయ్యాడు. మూడేళ్ళకు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. చచ్చిన పెళ్ళాం ఉండగా రెండో పెళ్ళికి అడ్డు చెప్పేదెవరు. కొడుకు తండ్రి దగ్గరే పెరిగాడు. ఏడాదికోసారి చూడటానికి వెళ్తే పిన్నీ అని పిలిచేవాడట.

నాకు జాలి వేసింది. లిఫ్టక్కకు వేయలేదు.

"వచ్చే నెల మా కాలేజీకి రావాలి. వచ్చి ఇదే చెప్పాలి."

తన పేరు రాయి మీద ఉందని, ఏ ముఖంతో వస్తానని ముసలమ్మ చేతులు జోడించింది.

"చచ్చి నలభై ఏళ్ళు ఏం సుఖపడ్డావు? ఒక్కరోజు బతికి రా" అంది లిఫ్టక్క.

మౌఖిక పరీక్ష రోజున మా అమ్మే బస్సు దగ్గరకు వెళ్ళి ఆవిడను తీసుకొచ్చింది. చేయగలిగిన ప్రాయశ్చిత్తం అంతేననుకుంది కాబోలు. మా కాలేజీలో లిఫ్టు లేదు. చరిత్ర శాఖ రెండో అంతస్తులో. ముసలమ్మ చెయ్యి పట్టుకుని లిఫ్టక్క ఒక్కొక్క మెట్టూ ఎక్కించింది. ప్రాజెక్టు ప్రతులు మోసుకుని నేను వెనకాల నడిచాను. గదిలో హెడ్ సారు, పక్కన వేరే కాలేజీ నుంచి పరీక్షకు వచ్చిన మేడం. ముసలమ్మను చూసి ఈవిడెవరని హెడ్ సారు అడిగాడు.

"నూట నలభై రెండో పేజీలో నాలుగో పేరు, సార్."

హెడ్ సారు ముందు నవ్వాడు. తర్వాత ముఖం మాడ్చుకున్నాడు. ముసలమ్మ చెప్పింది మొత్తం వినకుండానే మధ్యలో ఆపి, ఇవన్నీ నోటిమాటలని, నలభై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఏదైనా చెప్పొచ్చని, పత్రం ముందు మాట నిలవదని చెప్పాడు.

"పత్రమే చూపిస్తాను సార్. మీ బీరువాలోనే ఉంది" అంది లిఫ్టక్క.

బిళ్ళ ఇచ్చిన రోజున రిజిస్టరులో వేలిముద్ర వేయించుకునేవాళ్ళు. హెడ్ సారు ఆ రిజిస్టరును ఇరవై ఏళ్ళుగా వందల మందికి చూపించాడు గానీ, అందులో ఉన్నవి వేళ్ళని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. బీరువా తాళం తీయడానికి ఆయన తటపటాయిస్తుంటే, మేడం తీయమంది. నాలుగో పేరు పక్కన బొటనవేలి ముద్ర ఉంది. మధ్యలో ఏటవాలుగా ఒక తెల్లగీత. మిల్లులో చేరకముందే ఇంట్లో రాట్నం కదురు దిగి వేలు చీలిందట. ముసలమ్మ బొటనవేలు చాపింది. మచ్చ అక్కడే ఉంది.

తారీఖు ముద్ర కొట్టే సిరాపెట్టె నా సంచిలో ఉంది. మూత తీసి ఆమె ముందు పెట్టాను. ఎవరూ చెప్పకుండానే ఆవిడ వేలు అద్ది, ప్రాజెక్టు చివరి పేజీలో నొక్కింది. ఊదారంగు ముద్రలో అదే తెల్లగీత, అదే వాలు. మేడం కళ్ళజోడు సవరించుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూసి, హెడ్ సారు వైపు జరిపింది.

ఆయన కాగితాలు వెనక్కి జరిపి, నిపుణులు చూస్తే గానీ ఖాయంగా చెప్పలేమన్నాడు. పంపండి సార్, కాగితంతో పాటు మనిషిని కూడా పంపిస్తానంది లిఫ్టక్క. మేడం అప్పుడు, ఈ విద్యార్థినికి పద్ధతి ఎవరు నేర్పారని అడిగింది. సారే నేర్పారని లిఫ్టక్క చెప్పింది. ఎగతాళిగా చెప్పలేదు, నిజంగానే చెప్పింది. ఆ మాటకు ఆయన తల కొట్టేసినట్టయింది.

తన పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాడు. మీ అమ్మ పేరేమిటని అడిగాడు. పరీక్ష పేపరులో తన చేత్తో కొట్టేసిన పేరు ఆయనకు గుర్తు లేదు. లిఫ్టక్క చెప్పింది. ఆయన పెన్సిలు తీసుకుని మార్జిన్లో సన్నగా రాయబోయాడు. ఆమె పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"మా అమ్మ పేరు నేను రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేశారు సార్. ఆ పెన్నుతోనే రాయండి."

పెన్ను ఆయన జేబులోనే ఉంది. మేడం కిటికీ వైపు చూసింది. ఆయన ఎర్ర పెన్నుతో పేరు రాశాడు. ముసలమ్మ నా చెవి దగ్గరకు వంగి, నా పేరు కొట్టేశాడా అని అడిగింది. లేదన్నాను. లిఫ్టక్క విని, పుస్తకాన్ని మళ్ళీ ఆయన ముందుకు తిప్పింది. ఆయన నాలుగో పేరు మీద గీత గీశాడు. కొత్త ముద్రణలో తప్పకుండా సరిచేస్తానని మేడం ముందు మాట ఇచ్చాడు. దిగేటప్పుడు ముసలమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

లిఫ్టక్క పాసైంది. ప్రాజెక్టుకు సరిగ్గా పాసు మార్కులే వేశారు, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. ముసలమ్మ కిందటి ఏడాది పోయింది, ఈసారి నిజంగానే. డిగ్రీ కాగితాన్ని లిఫ్టక్క లిఫ్టులో తగిలించలేదు. స్టూలు మీద కూర్చుని ఇప్పుడు ఎం.ఏ. పుస్తకాలు చదువుతోంది. కొత్త ముద్రణ వచ్చిందా అని నెలకోసారి నన్ను అడిగేది.

పోయిన వారం వచ్చింది. పద్నాలుగు ప్రతుల కట్ట. కొత్త అట్ట, కొత్త ముందుమాట, "సవరించిన ముద్రణ" అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలు. నూట నలభై రెండో పేజీ తీశాను. తొమ్మిది పేర్లు. నాలుగోది అదే.

హెడ్ సారు గదికి వెళ్ళి అడిగాను. ప్రెస్సువాళ్ళ పొరపాటు అన్నాడు. రాతప్రతిలో మార్చారా అని అడిగాను. లైబ్రరీ అటెండర్కి ఇవన్నీ ఎందుకన్నాడు. మెట్లు దిగి వచ్చి, లైబ్రరీ తలుపు లోపలి నుంచి గడియ పెట్టాను. పద్నాలుగు పుస్తకాలూ బల్ల మీద పరిచాను. పుస్తకంలో చిన్న గీత కనబడితే పిల్లల్ని చెడామడా తిట్టే నేను, ఎర్ర పెన్ను తీసుకుని నాలుగో పేరు కొట్టేసి, పక్కన ఆమె తల్లి పేరు గుండ్రంగా రాశాను. కింద తారీఖు ముద్ర కొట్టాను. చిన్నప్పుడు వీధిలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకు లెక్క లేదు. పద్నాలుగు పుస్తకాలు చాలవని మాత్రం తెలుసు.